ఫోన్లలో నెట్ వస్తోంది, సిస్టమ్‌లో రావట్లేదు: విండోస్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసింది ముందు ఒకసారి క్లుప్తంగా చెప్తాను, తేడా ఉంటే చెప్పండి. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. కింద హాల్లో రౌటర్, పై గదిలో డెస్క్‌టాప్, మధ్యలో మేడమెట్ల పక్కగా లాగిన ల్యాన్ కేబుల్. ఫోన్లలో నెట్ బాగానే వస్తోంది. సిస్టమ్‌లో మాత్రం వస్తూ పోతూ ఉంది, వచ్చినప్పుడు కూడా స్పీడ్ 94 దాటట్లేదు. నెట్ వాళ్ళు వచ్చి తమ వైపు అంతా ఓకే అన్నారు. షాపతను విండోస్ మళ్ళీ వేయాలన్నాడు. వేయించమంటారా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. విండోస్ మళ్ళీ వేస్తే పోయే నెట్ సమస్యలు ఉన్నాయి గానీ, అవి తక్కువ. పైగా మీరు మామూలుగా రాసేసిన ఆ 94 అన్న అంకె నన్ను వేరే చోటికి చూడమంటోంది. దాని దగ్గరికి వస్తాను.

లోపం ఎక్కడుందో తేలకుండా దేన్నీ మార్చకండి. సిస్టమ్‌లోని నెట్ కార్డ్, కేబుల్, రౌటర్, వీధిలోని ఫైబర్, ప్రొవైడర్ ఆఫీసు, ఆ తర్వాత సైట్ల పేర్లకి ఐపీ అడ్రసులు వెతికిపెట్టే డీఎన్ఎస్... వీటిలో ఏది చెడినా మీకు తెర మీద కనిపించేది ఒక్కటే, పేజీ తెరుచుకోకపోవడం. చాలామంది కంగారులో రౌటర్ రీసెట్ చేసి, డ్రైవర్ మార్చి, డీఎన్ఎస్ మార్చి, అన్నీ ఒకే పూటలో కానిచ్చేస్తారు. నెట్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలీదు. వారం తర్వాత మళ్ళీ పోతే కథ మొదటికొస్తుంది.

"ఫోన్లలో బాగానే వస్తోంది" అన్న మాటని ముందు పరీక్షించాలి. ఇప్పటి ఫోన్లు వైఫైలో నెట్ ఆగిపోతే చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. వాట్సాప్ మోగుతూనే ఉంటుంది, మీరేమో వైఫై బాగుందనుకుంటారు. అందుకని ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, ఇంతకుముందు చూడని వీడియో ఏదైనా పెట్టి చూడండి. సిస్టమ్‌లో నెట్ పోయిన ఆ నిమిషంలోనే చేయాలి, నెట్ వచ్చాక చేస్తే లాభం లేదు. అప్పుడు ఫోన్‌లో కూడా రాకపోతే సిస్టమ్ జోలికి వెళ్ళకండి. గొడవ రౌటర్ దగ్గరో, బయట లైన్‌లోనో ఉంది.

రౌటర్ దగ్గర చూడాల్సినవి పెద్దగా ఏం లేవు. పీఓఎన్ (పాన్) అని రాసిన లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి. ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వచ్చిందంటే ఫైబర్‌లోంచి వెలుతురు అందట్లేదు, లైన్ తెగిందో బాగా వంగిందో అని అర్థం. టీవీ యూనిట్ వెనక ఆ సన్నని తీగని చతురస్రంగా మడిచి కుక్కేస్తుంటారు. దాని లోపల ఉన్నది గాజు, అలా మడిస్తే వెలుతురు పక్కకి కారిపోతుంది. వెడల్పుగా గుండ్రంగా చుట్టి వదిలేయండి. కనెక్టర్ పీకి కొనలోకి తొంగిచూడొద్దు, అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు. వేలితో తుడవడమూ వద్దు.

నెట్ వాళ్ళు మళ్ళీ వస్తే "ఓకే" అన్న మాటతో సరిపెట్టుకోకండి, మీటర్ పెట్టి పవర్ ఎంతుందో చూపించమనండి. చాలా రౌటర్లలో సెట్టింగ్స్ పేజీలోనే ఆప్టికల్ పవర్ లేదా ఆర్ఎక్స్ పవర్ అని కనిపిస్తుంది, మైనస్ అంకెలో ఉంటుంది. మైనస్ 18, మైనస్ 22 లాంటివి హాయిగా ఉన్నట్టు. మన ఇళ్ళల్లో వాడే జీపాన్ రకం ఫైబర్ రౌటర్లు ఎక్కువగా మైనస్ 27 వరకే తట్టుకునేలా తయారవుతాయి. మైనస్ 26 దగ్గర ఊగుతుంటే వాళ్ళు చూసిన పూట నడుస్తుంది, మర్నాడు ఎక్కడో తీగ కాస్త కదిలితే ఆగుతుంది. అలాంటి లైన్‌కి జాయింట్ మళ్ళీ వేయాలి, రౌటర్ మార్చినంత మాత్రాన బాగుపడదు.

ఇంకొకటి కరెంటు. సిస్టమ్ యూపీఎస్ మీద ఉండి, రౌటర్ మామూలు ప్లగ్ మీద ఉందా? అయితే కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా సిస్టమ్‌కి తెలీదు, రౌటర్ మాత్రం ఆగి మళ్ళీ మొదలవుతుంది. తిరిగి లైన్ పట్టడానికి దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. మీ లెక్కలో అది "ఊరికే నెట్ పోవడం". రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టండి. ఆ పూట నుంచి చాలా ఇళ్ళల్లో ఈ ఫిర్యాదే ఉండదు.

ఇక మీ 94.

ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్ లింక్‌కి రెండు జతలు చాలు, జాక్‌లో 1, 2, 3, 6 పిన్నులకి వచ్చేవి. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, నడవాలంటే నాలుగు జతలూ కావాలి. మామూలుగా మనవాళ్ళు కొట్టే రంగుల వరుసలో 4, 5 పిన్నులకి నీలం జత, 7, 8 పిన్నులకి గోధుమ రంగు జత వస్తాయి. ఈ నాలుగింట్లో ఒక్క తీగ తెగినా, జాక్‌లో సరిగా కూర్చోకపోయినా, కార్డు గిగాబిట్‌కి ప్రయత్నించి, కుదరక 100కి దిగిపోతుంది. 100 లింక్‌లో ప్రతి డేటా ముక్కకీ తగిలించే అడ్రసు వివరాల (హెడర్ల) ఖర్చు పోగా స్పీడ్ టెస్ట్‌లో మిగిలేది 94, 95 మధ్యే. 200 ప్లాన్ కట్టి సరిగ్గా 94 దగ్గర ఆగారంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈ కేబులే. ఆ తీగ పూర్తిగా తెగకుండా తగిలీ తగలనట్టు ఉందనుకోండి, కార్డు ఒకసారి గిగాబిట్ పట్టుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది, మళ్ళీ మొదటినుంచి మాట్లాడుకుంటుంది. ఆ కొన్ని సెకన్లు మీకు నెట్ ఉండదు. వస్తూ పోతూ ఉండటమూ, 94 దాటకపోవడమూ రెండూ ఒకే తీగవల్ల కావచ్చు.

చూడటం తేలిక. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిస్తే కిందన లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000/1000 ఉండాల్సిన చోట 100/100 ఉంటే దొరికినట్టే. ఒక్క మినహాయింపు: కొన్ని చవక రౌటర్లలో ల్యాన్ పోర్టులే 100వి, పాత మదర్‌బోర్డులు కొన్నిట్లోనూ అంతే. అప్పుడు 94 రావడం సహజం, అది లోపం కిందకి రాదు. వస్తూ పోతూ ఉండటానికి మాత్రం వేరే కారణం వెతకాలి.

కేబులో కాదో తేల్చడానికి సీపీయూని ఒక్కసారి కిందకి మోసుకెళ్ళి, కంపెనీ నుంచి జాక్‌తో సహా వచ్చిన చిన్న ప్యాచ్ కార్డ్‌తో రౌటర్‌కి కలపండి. మోయడం కష్టమైతే ఎవరిదైనా ల్యాప్‌టాప్ తెచ్చి పైన మీ కేబుల్‌కే పెట్టండి. కింద సిస్టమ్ బాగా నడిచినా, పైన ల్యాప్‌టాప్ కూడా తడబడినా తప్పు కేబుల్‌దే. జాక్‌ని చేత్తో పట్టుకుని దాని పారదర్శక ప్లాస్టిక్‌లోంచి చూస్తే ఎనిమిది తీగల కొనలూ ముందు గోడకి తగులుతూ కనిపించాలి. బయటి తొడుగు కొంత జాక్ లోపలిదాకా వెళ్ళి, జాక్ నొక్కిన చోటు (క్రింప్) దాన్ని పట్టుకుని ఉండాలి. మన దగ్గర చాలా జాకుల్లో తొడుగు బయటే ఆగిపోతుంది, బరువంతా ఆ సన్నని తీగల మీదే పడుతుంది. క్లిప్పు విరిగి ఉంటే అసలు వాదనే లేదు, కొత్త జాక్ కొట్టించండి. రెండు చివర్లా కొట్టించండి, ఒక చివరే చేసి ఊరుకోకండి.

కేబులే మార్చాల్సి వస్తే క్యాట్ 6 తీసుకుని, లోపల తీగ పూర్తి రాగిదేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవగ్గా దొరుకుతాయి. తీగని గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. వంచిన చోట తొందరగా విరుగుతాయి. మేడమెట్ల బయట ఎండావానల్లో పోయే కేబుల్ అయితే అవుట్‌డోర్ రకం కావాలి. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్నీ దూర్చేయొద్దు, ఎలక్ట్రీషియన్ ఏం కాదన్నా సరే.

కేబుల్ బాగానే ఉందని తేలితే అప్పుడు సిస్టమ్‌లోకి వద్దాం. కీబోర్డు మీద విండోస్ బటన్ నొక్కి సీఎండీ అని ఇంగ్లిష్‌లో కొడితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే అని ఒక అంకె కనిపిస్తుంది, అది మీ రౌటర్. 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఎక్కువగా ఉంటుంది. జియో ఫైబర్ అయితే 192.168.29.1 ఉంటుంది.

ఇప్పుడు రెండు నల్ల కిటికీలు పక్కపక్కన తెరవండి. ఒకదాంట్లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, గేట్‌వే అంకె వేసి, మళ్ళీ ఖాళీ వదిలి, హైఫన్ టి కొట్టండి. రెండోదాంట్లో అలాగే 8.8.8.8కి, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి, పెట్టండి. పింగ్ చిన్న సందేశం పంపి జవాబు వస్తుందా అని చూస్తుంది, హైఫన్ టి ఉంటే మీరు ఆపేదాకా పోతూనే ఉంటుంది. మీ పని మీరు చేసుకోండి. నెట్ పోగానే ఈ రెండు కిటికీల వైపు చూడండి. వస్తూ పోతూ ఉండే సమస్యకి దీన్ని మించిన పరీక్ష నాకు తెలీదు. పైసా ఖర్చులేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

రెండు కిటికీలూ ఒకేసారి ఆగితే తప్పు సిస్టమ్‌కీ రౌటర్‌కీ మధ్యలో ఉంది, లేదా రౌటరే ఆగింది. గేట్‌వే కిటికీ నడుస్తూ 8.8.8.8 ఒక్కటే ఆగితే సిస్టమ్‌లోనూ కేబుల్‌లోనూ తప్పు లేదు, రౌటర్ నుంచి బయటికి చూడాలి. ఆ తెరని ఫొటో తీసి నెట్ వాళ్ళకి పంపండి, వాదన సగం తగ్గుతుంది. రెండూ హాయిగా నడుస్తూ పేజీలు మాత్రం తెరుచుకోకపోతే లైన్‌లో ఏ లోపమూ లేదు, డీఎన్ఎస్, తేదీ, ప్రాక్సీ (నెట్‌ని మధ్యలో వేరే సర్వర్ మీదుగా తిప్పే సెట్టింగ్) లాంటివి చూడాలి.

ఆగినప్పుడు వచ్చే మాటల్లో కూడా తేడా ఉంది. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే పంపింది, జవాబు రాలేదు. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని మీ సిస్టమ్ ఐపీ నుంచే వస్తే అసలు రౌటరే దానికి కనపడలేదని. జనరల్ ఫెయిల్యూర్ అంటే సిస్టమ్ తన గడప కూడా దాటలేదు. వీపీఎన్, యాంటీవైరస్ ఫైర్‌వాల్, డ్రైవర్, వీటిలో ఏదో అడ్డుపడుతోంది. కేబుల్ మీద రౌటర్‌కి పింగ్ ఒక మిల్లీ సెకనులోపే తిరిగి రావాలి. అక్కడే 40, 80, 3, 120 అని గెంతుతుంటే కేబుల్ దగ్గరో కార్డు దగ్గరో ఇంకా ఏదో మిగిలింది.

ఐపీకాన్ఫిగ్‌లో మీ సిస్టమ్ ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదు, విండోస్ తనకి తానే ఒకటి పెట్టుకుంది. కేబుల్ సరిగా లేనప్పుడు ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. ఈమధ్య ప్రొవైడర్‌ని మార్చి ఉంటే ఇంకోటి చూడండి: ఒకప్పుడు ఎవరో సిస్టమ్‌లో ఐపీని చేత్తో టైప్ చేసి వెళ్ళి ఉంటారు. పాత రౌటర్ 192.168.1.1, కొత్తది 192.168.29.1. సిస్టమ్ ఇంకా పాత ఇంటి అడ్రస్ పట్టుకునే తిరుగుతుంటుంది. విండోస్ బటన్‌తో కలిపి ఆర్ నొక్కితే వచ్చే రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ కొట్టి, ఈథర్నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఐపీ వెర్షన్ 4లోకి వెళ్ళి రెండు చోట్లా "ఆటోమేటిక్‌గా తీసుకో" అన్నది పెట్టండి.

8.8.8.8కి పింగ్ పోతూ, గూగుల్ డాట్ కామ్ అని పేరు కొడితే హోస్ట్ దొరకలేదంటే డీఎన్ఎస్ సమస్య. అదే పేజీలో డీఎన్ఎస్ 8.8.8.8, 1.1.1.1 పెట్టుకోండి, సరిపోతుంది. డీఎన్ఎస్ మారిస్తే స్పీడ్ రెట్టింపవుతుందని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. పేజీ మొదలవడం కాస్త చురుగ్గా ఉంటుందేమో గానీ, 94 మాత్రం 94 గానే ఉంటుంది.

గడియారం పక్కన గ్లోబు గుర్తు, "నో ఇంటర్నెట్" అన్న మాట చూసి టెన్షన్ పడకండి. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లోని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెరుచుకుంటుందో లేదో చూసి ఆ గుర్తు పెడుతుంది. వీపీఎన్ వల్లో, ఫైర్‌వాల్ వల్లో ఆ ఒక్కటీ అందకపోతే, మిగతావన్నీ తెరుచుకుంటున్నా ఆ గుర్తు అలాగే ఉంటుంది. మీ రెండు నల్ల కిటికీలనే నమ్మండి.

పాత డెస్క్‌టాప్‌లలో ఇంకోటి, చూడ్డానికి నెట్ సమస్యలాగే ఉంటుంది. ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వస్తుంటే గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. అది అయిపోతే, స్విచ్ బోర్డు దగ్గర ఆపినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. సైట్ల సర్టిఫికెట్లకి గడువు తేదీలుంటాయి కాబట్టి బ్రౌజర్ అన్నిటినీ అనుమానిస్తుంది. కిరాణా కొట్లో కూడా దొరికే ఆ బ్యాటరీకి విండోస్ మొత్తం మళ్ళీ వేయించుకున్నవాళ్ళు ఉన్నారు. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ పేజీ కూడా ఒకసారి చూడండి. మీరు పెట్టని ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆపేసి, యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ చేయించండి.

సిస్టమ్ కాసేపు వదిలేసి వచ్చాకే నెట్ పోతుంటే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అన్న టిక్కు తీసేయండి. రియల్‌టెక్ కార్డులైతే అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్ అన్నవి ఆపి చూడండి. కొన్ని రౌటర్లతో వీటికి అస్సలు పడదు.

కేబుల్ తీసేసి వైఫై డాంగిల్ పెట్టుకోమని మీకు ఎవరో చెప్పారని రాశారు. నా మాట వింటే కేబులే బాగు చేయించుకోండి. డాంగిల్‌ని సీపీయూ వెనక పోర్టుకి పెడితే రేకు డబ్బా అడ్డం, గోడ అడ్డం. పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అదొక రొద. తప్పదంటే 5 గిగాహెర్ట్జ్ డాంగిల్ కొని, ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదకి తెచ్చుకోండి. రెండు స్లాబుల కింద రౌటర్ ఉంటే అదీ అంతంతమాత్రమే.

రోజంతా బాగుండి, సాయంత్రం ఎనిమిది నుంచి పదకొండు దాకానే నెమ్మదిస్తే అది వేరే కథ. ఒక ఫైబర్‌ని స్ప్లిటర్‌తో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు, ఆపైన ప్రొవైడర్ కొన్న మొత్తం బ్యాండ్‌విడ్త్‌ని ఊరంతా పంచుకోవాలి. ఐపీఎల్ రోజుల్లో ఇది బాగా తెలుస్తుంది. పొద్దున్నే ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కేబుల్ మీద స్పీడ్ టెస్ట్ తీసి రెండూ దాచుకోండి. ఫోన్‌లో మాటలతో ఊరుకోకుండా కంప్లైంట్ నంబర్ తీసుకోండి. జవాబు నచ్చకపోతే ప్రతి ప్రొవైడర్‌కీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం అప్పీల్ వినే అధికారి ఉంటారు, అక్కడ ఆ నంబరే అడుగుతారు.

ఇవన్నీ చూశాక కూడా షాపతను విండోసే అంటే, డబ్బు ఇచ్చే ముందు ఒక పని చేయండి. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉబుంటు, ఉచితంగా దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, సిస్టమ్‌ని దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" అన్నది ఎంచుకోండి. మీ హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు. అదే కేబుల్, అదే కార్డు, విండోస్ మాత్రం లేదు. అక్కడ కూడా నెట్ వస్తూ పోతూ ఉంటే విండోస్ ఎన్నిసార్లు వేసినా ఇంతే. కేబుల్ బాగున్నట్టు ముందే తేల్చుకున్నారు కాబట్టి మదర్‌బోర్డు మీద పోర్టే పోయి ఉంటుంది. వేసవి గాలివానల్లో పిడుగు దగ్గర్లో పడితే అవి అలా సగం చచ్చి ఉంటాయి, లైట్లు వెలుగుతాయి గానీ డేటా సరిగా పోదు. యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కి మార్చే గిగాబిట్ అడాప్టర్ ఒకటి తెచ్చి పెట్టుకుంటే చాలు, మదర్‌బోర్డు మార్చక్కర్లేదు.

ఉబుంటులో అరగంట నిలకడగా నడిచి, విండోస్‌లోకి రాగానే పోతుంటే షాపతను అన్నది కొంత నిజం. అప్పుడు కూడా ముందు సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కింద ఉండే నెట్‌వర్క్ రీసెట్ నొక్కండి. నెట్ కార్డులన్నిటినీ తీసి మళ్ళీ పెడుతుంది, వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్ మళ్ళీ పెట్టుకోవాలి, మీ ఫైళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ తర్వాత మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి ల్యాన్ డ్రైవర్ దింపి వేయండి. దాంతోనూ కాకపోతేనే విండోస్. ఆ రోజు సీ డ్రైవ్‌లో, డెస్క్‌టాప్ మీద ఉన్న ఫొటోలు, ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి తీసి పెట్టుకున్నాకే సీపీయూ షాపుకి ఇవ్వండి.